చాలు అనేదాకా

మూరెడు పొడవు, సన్నటి నడుము, గుండ్రటి తల, ఒంటినిండా లక్క ఎరుపు. నేను ఒక మిరియాల మరను. బొమ్మ అనుకుని ముద్దుచేసిన వాళ్ళున్నారు, రోకలి అనుకుని పక్కకి జరిగిన వాళ్ళూ ఉన్నారు. నాకు నోరు లేదని మాత్రం అనుకోకండి. ఉంది, కాకపోతే కిందికి ఉంది. కిందికి ఉన్న నోట్లోంచి ఏం వచ్చినా కంచంలో పడుతుందే గాని మనిషి చెవిన పడదు. లేకపోతే నాలుగు నెలలపాటు ఆ వంటింట్లో జరిగిందంతా చూస్తూ కుక్కిన పేనులా పడి ఉండేదాన్నా? నా స్వభావం కాస్త ఘాటు. వింటూండగా తుమ్ము వస్తే తుమ్మండి, నేనేమీ అనుకోను.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే గవరయ్య దగ్గరికి ఒకరోజు పైడిరాజు అనే ఆయన వచ్చాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, భీమిలి ఆయన. ఇరవై రెండేళ్ళు పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడల్లో వంట చేశాడు. అందులో తొమ్మిదేళ్ళు ఇటలీ వంటవాళ్ళ కింద. ఓడ దిగేసి విశాఖపట్నంలో కొత్తగా పెట్టబోతున్న ఇటాలియన్ రెస్టారెంటుకి పెద్ద వంటవాడిగా కుదిరాడు. ఏదో రేవులో కొన్న ఉక్కు పళ్ళ చక్రం ఒకటి జేబురుమాల్లో మూటకట్టి తెచ్చి, దీనికి ఒళ్ళు చేసిపెట్టమన్నాడు. ఆ పళ్ళే ఇప్పుడు నా నోట్లో ఉన్నాయి.

గవరయ్య ఆ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిరియాలు నూరడానికి ఇంత సోకేటి బాబూ? మీ హోటల్లో రోలు నేదా?"

"రోలు బల్లకాడికి ఎత్తుకెళ్ళలేం గదా. తినేవోడి ముందర, ఆడి కంచంలోనే నూరాల."

"ఆడికి సేతుల్లేవేటి?"

పైడిరాజు నవ్వాడు. గవరయ్య కూడా నవ్వి, కర్రని తిప్పే తరిణికి పట్టీ ఎక్కించాడు. తిరుగుతున్న నా ఒంటికి లక్క కడ్డీ ఆనించి, ఆ వేడికే రంగు కరిగి పట్టేలా చేసి, మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టాడు. నన్ను పైడిరాజు చేతిలో పెడుతూ, జీవితంలో బొమ్మ కానిది ఒకటి చేశానన్నాడు. ఆ మాటకి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. నిజానికి అప్పటికి నాలో ఒక్క మిరియపు గింజ కూడా లేదు.

ఆ రెస్టారెంటు పేరు లిమోనె. అంటే నిమ్మకాయ అట. సముద్రం కనిపించే గుట్ట మీద పాత మేడ. కింద భోజనశాల, పక్కనే పాలరాతి బల్లతో కాక్‌టెయిల్ బారు, దాని వెనక రంగురంగుల సీసాలు. మెత్తటి పసుపు దీపాలు. యజమానురాలు మృణాళిని గారు. బారులో పానీయాలు కలిపే ఆయన విల్సన్. అతను టమాటా రసంతో చేసే ఒక పానీయంలో నా మిరియం రెండు తిప్పులు పడాలి. అందుకని నన్ను "పెద్దాయన" అని పిలిచేవాడు. నన్ను మర్యాదగా పిలిచిన మొదటి మనిషి అతనే.

ఇక వచ్చేవాళ్ళ సంగతి. ఇంట్లో అన్నం కలిపి ముద్దలు పెట్టే చేతులు ఇక్కడికి వచ్చేసరికి ఫోర్కు ఎలా పట్టాలో పక్క బల్లను చూసి నేర్చుకుంటాయి. మెనూలో పేరు పలకడం రాక, ఆ గీత మీద వేలు పెట్టి "ఇదొకటి" అంటారు. వచ్చింది తాము అడిగిందో కాదో వాళ్ళకే తెలియదు. తెలియదని చెప్పరు. ముందు ఫోటో తీస్తారు, తరవాత తింటారు, ఆ తరవాత "ఎలా ఉంది?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొదట నోరు విప్పినవాడు బావుందంటే అందరికీ బావున్నట్టే.

అన్నిటికన్నా పెద్ద చోద్యం నా పని దగ్గర జరిగేది. భోజనశాల చూసుకునే అమ్మాయి హైమ. ముప్పై ఒక్కేళ్ళు ఉంటాయి, గాజువాక పిల్ల. నన్ను రెండు చేతుల్తో పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి, "మిరియం వెయ్యమంటారా? మీరు చాలు అన్నప్పుడు ఆపుతాను" అనేది. ఎవరూ చాలు అనేవారు కాదు. పాపం ఆ అమ్మాయి వేస్తూంటే వద్దనడం ఏం బావుంటుందని వాళ్ళు. వాళ్ళు చాలనకుండా ఆపడం ఏం మర్యాదని ఈమె. ఈ రెండు మొహమాటాల మధ్య నేను గిర్రున తిరుగుతూనే ఉండేదాన్ని. ఒకసారి రిటైరైన ఇంజినీరు గారొకాయన కంచంలో ఇరవై ఏడు తిప్పులు పడ్డాయి. తెల్లటి చీజు పాస్తా బూడిద పోసినట్టయింది. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మొత్తం తిని, వెళ్ళేటప్పుడు పైడిరాజు చెయ్యి పట్టుకుని, అచ్చం ఇటలీలో తిన్నట్టే ఉందని చెప్పి మరీ వెళ్ళాడు. ఆయన ఇటలీ వెళ్ళాడో లేదో నాకైతే అనుమానమే.

అప్పట్లో ఇవన్నీ చూసి నవ్వుకునేదాన్ని. ఆ మొహమాటమే తరవాత కొంప ముంచుతుందని అనుకోలేదు.

పైడిరాజుకి ఒక అలవాటు ఉండేది. రోజూ పొద్దున పదింటికి, పొయ్యి వెలిగించక ముందు, నన్ను తీసుకుని ఎడమ అరచేతిలో రెండు తిప్పులు తిప్పి, ఆ పొడిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నాలో పాడేరు కొండల్లో కాఫీ తోటల మధ్య పండిన మిరియాలు పోసేవాడు. ఆ వాసన పీల్చి, ఒక తుమ్ము తుమ్మి, "ఆఁ, లేచాం" అనేవాడు. తరవాత పెట్టెలన్నీ తెరిచి చేప, రొయ్య, చీజు, క్రీము ఒక్కొక్కదాని దగ్గరా ముక్కు పెట్టి చూసేవాడు. ఆ ముక్కు కాదన్నది వంటింట్లోకి వచ్చేది కాదు. ఓడల్లో ఆయనకి అన్నం పెట్టింది చేతులు కాదు, ముక్కేనని విల్సన్‌తో ఒకసారి అన్నాడు.

ఆరో ఏడు ఫిబ్రవరిలో ఆయనకి గట్టిగా జ్వరం వచ్చింది. పది రోజులు రాలేదు. పదకొండో రోజు వచ్చి నన్ను తీసుకుని ఎప్పటిలాగే అరచేతిలో తిప్పాడు. పీల్చాడు. తుమ్ము వచ్చింది. కానీ "లేచాం" అనలేదు. మళ్ళీ తిప్పాడు. నాలుగు, ఆరు, పది తిప్పులు. అరచెయ్యంతా నల్లబడింది. ముక్కు మంటపుట్టి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంట తెలుస్తోంది, వాసన తెలియడం లేదు. చెయ్యి దులుపుకోకుండా అలాగే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. నా గుండె గుభేలుమంది. నాకు గుండె ఎక్కడిదని అడగకండి.

ఆ మధ్యాహ్నం జనం రాకముందు ఆయన బారు దగ్గరికి వెళ్ళి విల్సన్ సీసాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి వాసన చూశాడు. నారింజ తొక్కల సారా, కాఫీ సారా, సోంపు సారా. కోసిన నిమ్మతొక్క, పుదీనా ఆకు నలిపి ముక్కుకి ఆనించుకున్నాడు. "ఏంటి మాస్టారూ, ఇవాళ నా మీద పడ్డారు?" అని విల్సన్ అడిగాడు.

"సాసులోకి ఏదైనా పనికొస్తాదేమోనని."

"దొరికిందా మరి?"

"సూడాల" అన్నాడు పైడిరాజు.

ముక్కు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాడట. రావచ్చు, రాకపోవచ్చు, ఎప్పుడో చెప్పలేం అన్నాడట ఆ డాక్టరు. ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తాను గొణుక్కుంటూంటే నేను విన్నాను. ముక్కు లేని వంటవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు అన్నాడు. అదే ఆయన భయం. ఆ వంటిల్లు పోతే ఆయనకి ఇంకేం తెలియదు. భార్య లేదు, పిల్లలు లేరు. ఓడల్లో బతికినవాడికి ఉప్పుగాలి తప్ప ఊరు కూడా సరిగ్గా తెలియదు.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. హైమకి వంట నేర్చుకోవాలని ఎప్పటినుంచో ఆశ. రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది, ఆయన చూద్దాంలే అంటూనే ఉన్నాడు. ఆ వారంలో ఆమెని పిలిచి, "రేపటి నుంచి ఓ గంట ముందరొచ్చీ అమ్మా. నేర్పుతాను" అన్నాడు. ఆ పిల్ల సంతోషం చూడాలి. నీలం అట్ట నోటు పుస్తకం ఒకటి కొనుక్కుని వచ్చింది. రోజూ ఆయన గరిటెతో ఇంత తీసి ఇచ్చేవాడు. "రుచి సూడమ్మా. నాలిక తిరగాల. ఎలాగుందో సెప్పు."

ఆమె కళ్ళు మూసుకుని చప్పరించి, "బావుంది మాస్టారూ" అనేది.

రోజూ అదే మాట. ఒకరోజు క్రీము పులిసింది, బావుంది మాస్టారూ. ఇంకోరోజు వెల్లుల్లి మాడింది, బావుంది మాస్టారూ. ఆమెకి తెలియక కాదు. పుస్తకంలో "వెల్లుల్లి నల్లగా వేయించాలి" అని రాసుకోవడం నేను చూశాను. అంతటి మనిషి చేశాడంటే అదే పద్ధతి అయి ఉంటుందనుకుంది. గురువు గారి వంటకి వంకపెట్టడం ఎక్కడైనా ఉందా? ఆయన ముక్కుని నమ్మి ఆమె, ఆమె నాలుకని నమ్మి ఆయన. ఇద్దరి మధ్యా నేను గట్టు మీద నిలబడి పళ్ళు నూరుకునేదాన్ని. నాకు చేతనైంది అదొక్కటే.

వాసన పోయినవాడికి నాలుక మీద మిగిలేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు, మంట. అందులో ఆయనకి బతికున్నట్టు అనిపించేది మంట ఒక్కటేననుకుంటాను. నన్ను ఎక్కువ వాడటం మొదలుపెట్టాడు. అంతకుముందు రెండు రోజులకొకసారి నాలో మిరియాలు పోసేవాళ్ళు. ఇప్పుడు రోజుకి మూడుసార్లు. సూపులో నేనే, సాసులో నేనే, ఆఖరికి ఐస్‌క్రీము మీద కూడా నేనే. తినేవాళ్ళు దగ్గుకుంటూ తిని, కొత్త పద్ధతి కాబోలనుకునేవారు. వారం వారం వచ్చే ఒక జంట రావడం మానేసింది. మృణాళిని గారు ఫోన్ చేస్తే ఊళ్ళో లేమన్నారు. నిజం చెబితే ఆవిడ నొచ్చుకుంటుందని. ఆ దంపతులు ఒక్క మాట అని ఉంటే సగం గొడవ అప్పుడే తీరిపోయేది.

నా మీద నాకే కోపం వచ్చేది. ఆయన దాచుకుంటున్నది నా పొడి కిందే. ఏం తేడా వచ్చినా నా ఘాటు దాన్ని కప్పేస్తోంది. నా పళ్ళు అరగడం మొదలైంది.

జూన్ మొదటి వారం. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రోజులు కాబట్టి రొయ్యలు చెరువుల నుంచి మంచుపెట్టెల్లో వచ్చేవి. శుక్రవారం వచ్చిన పెట్టెని చల్లటి గదిలో పెట్టారు. శనివారం ఆ గది కరెంటు ఎప్పుడో పోయింది, ఎప్పుడో తిరిగి వచ్చింది, ఎవరూ గమనించలేదు. ఆదివారం పొద్దునకి అంతా మళ్ళీ గడ్డకట్టి చూడ్డానికి శుభ్రంగానే ఉంది. పైడిరాజు పెట్టె మూత తీసి ఎప్పటిలాగే వంగి ముక్కు పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూడటానికి రోజూ చేసే అభినయం అది. "ఆఁ, పరవాలేదు" అన్నాడు.

టమాటా, వెల్లుల్లితో రొయ్యల సాసు చేసి రెండు రొయ్యలు గరిటెలో వేసి హైమకి ఇచ్చాడు. ఆమె నమలడం మొదలుపెట్టి ఒక్క క్షణం ఆగింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ఇటలీవాళ్ళకి కంచంలో సముద్రం వాసన రావాలని ఆయనే ఒకసారి చెప్పాడు, అది పుస్తకంలో ఉంది. మింగేసింది.

"ఎలాగుందమ్మా?"

"బావుంది మాస్టారూ."

ఒంటిగంటకి ఆరో నంబరు బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు. బ్యాంకులో మేనేజరుగా ప్రమోషన్ వచ్చిన అమ్మాయి, ఆమె ఆఫీసు స్నేహితులిద్దరు, ఆమె అమ్మమ్మ. ఆ అమ్మమ్మ పేరు నూకరత్నం. డెబ్బై దాటిన మనిషి, ముక్కుకి రెండువైపులా పుడకలు, ముతక నేతచీర. నలభై ఏళ్ళు హార్బరు దగ్గర గంపలో చేపలు అమ్మి పిల్లల్ని పెంచిందని మనవరాలు స్నేహితులకి గొప్పగానే చెప్పింది. కానీ అమ్మమ్మ గొంతు పెద్దది. ఆవిడ మాట్లాడినప్పుడల్లా ఆ అమ్మాయి పక్క బల్లల వైపు చూసుకుంటోంది.

రొయ్యల పాస్తా వచ్చింది. హైమ నన్ను పట్టుకుని ముసలావిడ పక్కన వంగింది. ఆమె చేతులు అప్పటికే చెమట పట్టి ఉన్నాయి. కడుపులో ఏదో తిప్పుతోందని నాకు తెలుస్తోంది. "మిరియం వెయ్యమంటారా? మీరు చాలు అన్నప్పుడు..."

"ఒద్దు" అంది నూకరత్నం.

నేను ఉలిక్కిపడ్డాను. ఆరేళ్ళలో నా మొహాన ఆ మాట అన్నవాళ్ళు లేరు.

"మిరియం ఎయ్యకమ్మా. ముందు దీని వాసన సూడనీ." ఆవిడ కంచం రెండు చేతుల్తో పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మమ్మా, అందరూ చూస్తున్నారు. ఇటాలియన్ వంట ఇలాగే ఉంటుంది" అంది మనవరాలు, గొంతు తగ్గించి.

"ఏ దేశపోడు వండినా రొయ్య రొయ్యేనే. ఇది ఎండలో ఒగ్గీసిన సరుకు. నువ్వు తినకు." అని, సంతలో కేకవేసి అలవాటైన గొంతుతో గదంతటికీ వినబడేలా అంది. "రొయ్యలు తెచ్చుకున్నోలు ఎవరూ తినకండి. పాడైపోనాయి."

ఫోర్కులన్నీ ఆగిపోయాయి. మనవరాలికి తలకొట్టేసినట్టయింది. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా హైమ మొహంలోకి చూసింది. "నువ్వు తిన్నావేటమ్మా?"

"రుచి చూశానండి. పొద్దున."

"నాలిక్కి తెలీలేదా?"

"తెలిసిందండి."

"మరి సెప్పలేదేటి?"

హైమ నన్ను గుండెకి హత్తుకుంది. "మాస్టారు చేశారు కదండీ" అంది.

ఈ లోపల మృణాళిని గారు పరుగున వచ్చారు. "అమ్మగారూ, మా దగ్గర అన్నీ తాజా సరుకులే. మా చెఫ్ గారు స్వయంగా చూసి తీసుకుంటారు. ఇంకో వంటకం ఏదైనా తెప్పిస్తాను" అన్నారు. వెనకాలే పైడిరాజు వచ్చి నిలబడ్డాడు. ముసలావిడ ఆయన్ని తేరిపార చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"నాయనా, నీకు వాసన తెలీదేటి?"

ఆయన ఏదైనా చెప్పవచ్చు. సముద్రం వాసన అనవచ్చు, ఇటలీ పద్ధతి అనవచ్చు. గదిలో సగంమంది నమ్మేవారు, ఆ సగంలో మృణాళిని గారు మొదటివారు. ఆయన నోరు తెరిచాడు కూడా. అంతలో హైమ మొహం చూశాడు. ఆమె పాలిపోయి, పెదవులు బిగబట్టి, ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని ఉంది.

ఆయన ఆమె చేతుల్లోంచి నన్ను తీసుకున్నాడు. అందరి ముందూ అరచేతిలో రెండు తిప్పులు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుమ్మాడు.

"తుమ్మొస్తాదమ్మా. వాసన రాదు. నాలుగు నెల్లయినాది" అన్నాడు.

ఆయనే బల్లబల్లకీ వెళ్ళి రొయ్యల కంచాలు తీయించాడు. ఇంకో రెండు బల్లలకి వెళ్ళాయి గాని ఫోటోలు తీసుకుంటూ ఎవరూ ఇంకా ముద్ద ముట్టలేదు. ఆ ఫోటోల పిచ్చిని నేను ఇంకెప్పుడూ ఎగతాళి చెయ్యను. తిన్నది హైమ ఒక్కతే. ఆమె అప్పటికి కుర్చీలో కూలబడిపోయింది. పైడిరాజు ఏప్రాన్ కూడా విప్పకుండా ఆమెని ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ కంగారులో నన్ను కింద పెట్టడం మరిచిపోయాడు. అలా నేను లిమోనె గడప దాటాను. ఆస్పత్రిలో నర్సు నన్ను చూసి, "ఈ కర్రెందుకు సార్, ఎవరినైనా కొట్టారా?" అని అడిగింది.

"కొట్టినంత పనీ చేశానమ్మా" అన్నాడాయన.

రెండు రోజులు హైమకి సెలైను ఎక్కించారు. జ్వరం, వాంతులు. మొదటిరోజు ఆమెకి ఒంటి మీద స్పృహే సరిగ్గా లేదు. ఆమె తల్లి వచ్చి పైడిరాజుని గుమ్మంలోనే ఆపేసి, "మా పిల్లకి ఏదైనా అయితే మిమ్మల్ని ఊరికే ఒగ్గను" అంది. ఆయన తల దించుకుని బయట బల్ల మీద కూర్చున్నాడు. ఒళ్ళో నేను. వంటింటి గురించిన బెంగ ఆయన మొహంలో వెతికాను. కనబడలేదు. ఆ పిల్ల లేస్తే చాలు అన్నట్టు లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

రెండో రోజు పొద్దున ఆయన ఇంటినుంచి గిన్నెలో మిరియాల చారు కాచి తెచ్చాడు. మిరియం నేనే. హైమ తేరుకుని దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన గిన్నె పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"నీకు నేర్పుతున్నానని అబద్ధమాడాను. నేర్పనేదమ్మా. నీ నాలిక వాడుకున్నాను."

హైమ ఆయన వైపే చూసింది. "నా పుస్తకంలో రాసుకున్నదంతా?"

"సగం తప్పు."

"ఏ సగం మాస్టారూ?"

ఏ సగమో ఆయనకీ తెలియదు. హైమ మొహం గోడవైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. రెండేళ్ళు అడిగి అడిగి సంపాదించుకున్న పుస్తకం అది. ఆయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. లేవలేదు. గిన్నె మూత తీసి గరిటెడు చారు గ్లాసులో పోసి ఆమె పక్కన పెట్టాడు.

ఆమె ఇటు తిరిగి గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగింది.

"ఎలాగుందమ్మా?" అని ఆయన అలవాటుగా అడిగేసి, అడిగినందుకు నాలుక కరుచుకున్నాడు.

"బావుం..." అని ఆమె కూడా అలవాటుగానే మొదలుపెట్టి ఆగింది. ఆయన మొహంలోకి సూటిగా చూసింది. ఆమె కళ్ళల్లో కోపం అప్పుడు కనబడింది.

"బాలేదు" అంది. "ఉప్పెక్కువైంది. మిరియం గొంతులో మండిపోతోంది. ఇంగువ మాడింది, ఇల్లంతా కంపు కొట్టి ఉంటుంది, మీకు తెలిసి ఉండదు. చింతపండు పచ్చివాసన పోలేదు. ఇది రోగికి పెట్టే చారు కాదు మాస్టారూ."

ఒక్కో మాటకీ ఆయన తల ఊపుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకా?" అన్నాడు.

"ఇంకేం లేవు. చల్లారింది కూడా" అని ఆమె ఏడ్చేసింది. ఏడుస్తూనే ఇంకో గుక్క తాగింది.

ఆయన మళ్ళీ లిమోనెకి వెళ్ళలేదు. మృణాళిని గారు వారం రోజులు మూసి, చల్లటి గది బాగుచేయించి, కొత్త చెఫ్‌ని పెట్టుకున్నారు. నా స్థానంలో బ్యాటరీ మీద నడిచే ఉక్కు మరలు వచ్చాయట, మీట నొక్కితే గుర్రుమంటాయట. వినగానే కడుపు మండింది. తరవాత ఆలోచిస్తే, వాటికైనా చాలు అనే మనిషి దొరకాలి కదా అనిపించింది. విల్సన్ మాత్రం పెద్దాయన ఎలా ఉన్నాడని హైమని అడుగుతూంటాడట.

ఇప్పుడు నేను భీమిలిలో పైడిరాజు ఇంట్లో వంటింటి కిటికీలో ఉంటున్నాను. నా లక్క అక్కడక్కడ పెచ్చులూడింది, పళ్ళు అరిగి గింజలు సగం సగం వస్తున్నాయి. రోజూ పొద్దున పదింటికి ఆయన నన్ను అరచేతిలో రెండు తిప్పులు తిప్పుతాడు. తుమ్ము వస్తుంది. వాసన రాదు. నేను నా వంతు చెయ్యగలిగినంత చేస్తున్నాను, ఇంత ఘాటు ఇంకెవరిస్తారు చెప్పండి? అయినా రాదు.

హైమ లిమోనె వంటింట్లోనే చేరింది. బాగోలేని దాన్ని బాగోలేదని అనేస్తోందని కొత్త చెఫ్‌కి ఆమె మీద కాస్త గుర్రు. బుధవారాలు సెలవు. ఆ రోజు బస్సెక్కి భీమిలి వస్తుంది. మొదటి రెండు వారాలు వచ్చి ముభావంగా కూర్చుని వెళ్ళింది. మూడో వారం నీలం పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, "తప్పులు ఏవో ఇప్పుడు తేల్చుదాం" అంది. అప్పటినుంచి ఇద్దరూ ఒక్కో పేజీ వండి చూస్తున్నారు. ఆయన పిండి చేత్తో నొక్కి, నూనె చిటపట విని, రంగు చూసి చెబుతాడు. ఆమె ముక్కుతో చూసి చెబుతుంది. తప్పయితే కొట్టేసి పక్కన రాస్తుంది. వెల్లుల్లి నల్లగా వేయించాలి అన్న గీత మొన్ననే కొట్టేసింది.

పోయిన బుధవారం పేజీ అయిపోయాక ఆయన నన్ను తీసి ఆమె అరచేతిలో తిప్పాడు. "వాసన సూసి సెప్పమ్మా" అన్నాడు. "ఎలాగుంటాదో మర్చిపోతన్నాను."

హైమ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు. నాకు మాత్రం తోచిందా, రోజూ నాలోనే ఉన్నా? కాసేపటికి మొదలుపెట్టింది. "ముందర కొత్త కర్ర చెక్కినప్పటి వాసన వస్తోంది మాస్టారూ. తరవాత నిమ్మతొక్క. కింద ఎక్కడో తడిమట్టి. మా నాయనమ్మ బాలింతలకి కాచే కషాయం. పక్కింట్లో ఎవరికో జలుబు చేసినట్టు..." ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఊపిరి మెల్లగా తీస్తున్నాడు.

ఆమె ఆగి ఆయన మొహం చూసింది. "చాలా మాస్టారూ?"

ఆయన కళ్ళు తెరవలేదు. "ఇంకొంచెం సెప్పమ్మా" అన్నాడు.

హైమ నన్ను అందుకుని అరచేతిలో మరో తిప్పు తిప్పుకుంది.